పొరుగు రాష్ట్రంలో నమోదు సంగతి: లిమిటెడ్ పార్టనర్‌షిప్‌లు నడిపే తెలుగు జనరల్ పార్టనర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జనరల్ పార్టనర్లందరికీ నమస్కారం.

అమెరికాలోని డెలవేర్ రాష్ట్రంలో లిమిటెడ్ పార్టనర్‌షిప్ (నడిపించే జనరల్ పార్టనరూ, సొమ్ము మాత్రమే పెట్టే లిమిటెడ్ పార్టనర్లూ ఉండే భాగస్వామ్య సంస్థ) పెట్టి, తోటి తెలుగువాళ్ల దగ్గర యాభై వేలు, లక్ష డాలర్ల చొప్పున పెట్టుబడి సేకరించి, టెక్సస్‌లో అపార్ట్‌మెంట్లు కొని నడుపుతున్న మీ అందరినీ ఉద్దేశించి ఈ లేఖ రాస్తున్నాను. మీలో కొందరు నాకు స్వయంగా తెలుసు. గుడిలోనూ, ఉగాది వేడుకల్లోనూ, పిల్లల పుట్టినరోజుల్లోనూ కలుస్తూనే ఉంటాం. అందుకే ఎవరో ఒకరిని పక్కకు పిలిచి అడగడం కంటే, పేర్లు ఎత్తకుండా అందరికీ కలిపి ఒక్కసారే చెప్పడం మర్యాదగా ఉంటుందనిపించింది. చెప్పదలచుకున్నది ఒక్కటే. వేరే రాష్ట్రంలో ఏర్పడిన పార్టనర్‌షిప్ టెక్సస్‌లో వ్యాపారం చేయాలంటే ఇక్కడి సంస్థల నమోదు చూసే రాష్ట్ర అధికారి, సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయంలో నమోదు కావాలి. ఆ నమోదు క్లోజింగ్ (ఆస్తి కొనుగోలు పూర్తయ్యే) రోజుకు ముందే పూర్తి కావాలనీ, ఆ పత్రం పెట్టుబడి పెట్టినవాళ్లందరికీ చూపించాలనీ నా విన్నపం.

ఇది నేను చట్టం పుస్తకం చదివి తెలుసుకున్న సంగతి కాదు. 2021 మార్చిలో నేనూ నా భార్యా మా పొదుపులోంచి యాభై వేల డాలర్లు తీసి, ఫోర్ట్ వర్త్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ సముదాయం కొన్న డెలవేర్ పార్టనర్‌షిప్‌లో లిమిటెడ్ పార్టనర్లుగా చేరాం. రెండేళ్లు అంతా సవ్యంగానే సాగింది. 2023 వసంతంలో వడగళ్లు పడి పైకప్పులు దెబ్బతిన్నాయి. మరమ్మతుకు ఒప్పుకున్న కాంట్రాక్టరు అడ్వాన్సు తీసుకుని, రెండు బిల్డింగుల మీద పాత షింగిల్స్ (కప్పు పలకలు) ఊడబీకి, మళ్లీ కనిపించలేదు. నీలం టార్పాలిన్లు కప్పిన ఆ కప్పుల ఫొటోలు ఇప్పటికీ నా ఫోనులో ఉన్నాయి. పై అంతస్తులో ఒక ఇంట్లో వంటగది సీలింగు నుంచి నీళ్లు కారుతుంటే, అద్దెకున్న పెద్దావిడ కింద బకెట్ పెట్టుకుని కూర్చున్న ఫొటో కూడా అందులో ఉంది. జనరల్ పార్టనర్ గారు 2024 జనవరిలో కాంట్రాక్టరు మీద దావా వేశారు. అవతలి లాయరు పని బాగా చేశామని గానీ, డబ్బు తిరిగిచ్చేశామని గానీ వాదించనే లేదు. ఈ డెలవేర్ పార్టనర్‌షిప్ టెక్సస్‌లో నమోదే కాలేదు కాబట్టి ఈ దావా నడవడానికి వీల్లేదని మాత్రం అన్నాడు. అతను చెప్పింది నిజం. మూడేళ్ల పాటు అద్దెలు వసూలు చేసి, మనుషులకు జీతాలిచ్చి, ఇన్సూరెన్సు కట్టి, అన్నీ చేసిన పార్టనర్‌షిప్ ఆ ఒక్క దరఖాస్తు మాత్రం పెట్టుకోలేదు.

జూన్‌లో నమోదు జరిగిన తరువాతనే కేసు మళ్లీ కదిలింది. ఆ అయిదు నెలలూ పైకప్పు బాగుచేయించే డబ్బు లేదు, మాకు రావలసిన త్రైమాసిక పంపిణీ ఆగిపోయింది, పై అంతస్తులో మూడు ఇళ్లు ఖాళీ అయ్యాయి. తరువాత వచ్చిన రిపోర్టులో ఖర్చుల పట్టిక చివరన ‘కంప్లయన్స్, ఇతరములు’ అన్న పద్దు కింద 3,750 డాలర్లు కనిపించింది. ఇది ఏమిటని నేను అడిగితే, ‘అది చిన్న పేపర్ వర్క్ అండీ, మీరు కంగారు పడకండి’ అన్న సమాధానం వచ్చింది. ఆ చిన్న పేపర్ వర్క్ ఏమిటో తెలుసుకునే పనిలోనే ఈ లేఖకు కావలసిన సంగతులన్నీ నాకు దొరికాయి.

మనవాళ్లు ఈ విషయంలో పొరపడడానికి ఒక కారణం ఉందని నేను అనుకుంటున్నాను, ఆ కారణం నిర్లక్ష్యం కాదు. మన దేశంలో 2008 నాటి ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) చట్టం కేంద్ర చట్టం. హైదరాబాద్‌లో ఒకసారి నమోదైన ఎల్‌ఎల్‌పీ బెంగళూరులో శాఖ తెరిస్తే, కర్ణాటకలో మళ్లీ సంస్థగా నమోదు చేసుకోనక్కరలేదు. జీఎస్టీ నంబరు మాత్రం రాష్ట్రానికొకటి తీసుకోవాలి. అది పన్ను సంగతి. ఆ అలవాటుతో వచ్చిన మనకు, డెలవేర్‌లో పుట్టిన సంస్థ అమెరికా అంతటా చెల్లుతుందని అనిపించడం సహజమే. ఇక్కడ కథ వేరు. కంపెనీలకూ పార్టనర్‌షిప్‌లకూ ప్రాణం పోసేది రాష్ట్ర చట్టం. లిమిటెడ్ పార్టనర్‌షిప్‌కు ఈ దేశంలో మొట్టమొదట చట్టం చేసినది 1822లో న్యూయార్క్ రాష్ట్రం. ఆ తరువాత 1916లో ఏకరూప చట్టం, అంటే రాష్ట్రాలు స్వీకరించడానికి తయారుచేసిన నమూనా చట్టం, వచ్చింది, దాన్ని 1976లో సవరించారు. రూపం ఒక్కటిగా ఉన్నా, ప్రతి రాష్ట్రమూ తన చట్టాన్ని తానే చేసుకుంది. అందువల్ల డెలవేర్ పార్టనర్‌షిప్ టెక్సస్ దృష్టిలో ‘ఫారిన్’ సంస్థ. ఆ మాట చూసి విదేశమని భ్రమపడవద్దు, ఇక్కడ దానికి పొరుగు రాష్ట్రమనే అర్థం. 2025 మార్చిలో అసలు యజమానుల వివరాల నివేదికను అమెరికా ఆర్థిక శాఖలోని ఫిన్‌సెన్ ఇకపై విదేశీ సంస్థలకే పరిమితం చేసినప్పుడు, మన వాట్సాప్ గ్రూపుల్లో ‘ఫారిన్ అంటే మనమేనా’ అని గందరగోళం జరిగింది. అక్కడి ఫారిన్ వేరే దేశపు చట్టం కింద ఏర్పడిన సంస్థ. డెలవేర్ పార్టనర్‌షిప్ దాని కిందికి రాదు.

అయినా మనకు ఈ నియమం పూర్తిగా కొత్తదేమీ కాదు. మా నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసేవారు. వేలిముద్ర వేసేవాళ్లకు కూడా అక్కడ ‘అరవై తొమ్మిదో సెక్షన్’ అన్న మాట తెలుసు. 1932 నాటి భాగస్వామ్య చట్టంలోని ఆ సెక్షన్ ప్రకారం రిజిస్టరు కాని ఫర్మ్ తనకు రావలసిన బాకీ కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు. వంద రూపాయలు దాటని చిన్న బాకీలకు మాత్రమే మినహాయింపు. నాన్నగారు కొత్తగా ఎవరితోనైనా వాటా కలిపితే, సరుకు మాట ఎత్తకముందు రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గరి నకలు తెమ్మనేవారు. ఆ నకళ్లన్నీ ఒక రేకు పెట్టెలో, పసుపు తాడుతో కట్టి ఉండేవి. టెక్సస్ బిజినెస్ ఆర్గనైజేషన్స్ కోడ్ తొమ్మిదో అధ్యాయం చదువుతున్నప్పుడు నాకు ఆ పెట్టే గుర్తుకొచ్చింది. నమోదు కాని పరాయి రాష్ట్రపు సంస్థ, ఇక్కడి వ్యాపారం వల్ల పుట్టిన తగాదా మీద ఇక్కడి కోర్టులో దావా నడపలేదని ఆ అధ్యాయం చెబుతుంది. ఒప్పందం చెల్లకపోదు, ఎవరైనా మన మీద దావా వేస్తే మన తరఫున వాదించుకునే హక్కూ పోదు. పోయేది మన బాకీ మనం అడిగే దారి మాత్రమే, అదీ నమోదు అయ్యేదాకానే. అయితే ఈ రాష్ట్రంలో ఒప్పందం ఉల్లంఘన మీద దావాకు గడువు నాలుగేళ్లు. నమోదు సంగతి తేలకుండా నెలలు గడిచేకొద్దీ ఆ గడువులోంచే నెలలు తరుగుతుంటాయి.

ఏది వ్యాపారం చేయడం, ఏది కాదు అన్నదానికి మీలో చాలామంది చెప్పే సమాధానం ఒకటి ఉంది: ‘మేం ఆస్తి కొన్నాం అంతే, ఆస్తి ఉండడం వ్యాపారం కాదు కదా’ అని. చట్టంలో ఆ మినహాయింపు ఉన్న మాట నిజమే. రాష్ట్రంలో స్థిరాస్తి గానీ చరాస్తి గానీ ఊరికే కలిగి ఉండడం, బ్యాంకు ఖాతా పెట్టుకోవడం, సమావేశం జరుపుకోవడం, కోర్టులో కేసు నడపడం వంటివి వ్యాపారం కిందికి రావని ఆ అధ్యాయంలోనే రాసి ఉంది. కానీ అందులో ‘ఊరికే’ అన్న భావాన్ని వదిలేసి చదువుతున్నాం. ప్రాస్పర్ ఊరి వైపు పదెకరాల ఖాళీ నేల కొని గడ్డి పెరగనివ్వడం వేరు. నూట ఇరవై ఇళ్లకు లీజులు రాసి, ఆఫీసులో మేనేజరును కూర్చోబెట్టి, ప్రతి నెలా ఒకటో తారీకున అద్దె వసూలు చేసి, కట్టనివారిని జస్టిస్ కోర్టుకు తీసుకెళ్లి ఖాళీ చేయించడం వేరు. ఆ రెండో పనిని ఊరికే ఆస్తి ఉండడమని ఏ జడ్జి ముందూ ఎవరూ నిలబడి చెప్పలేరు.

రాష్ట్రాల మధ్య సాగే వాణిజ్యం ఈ నమోదు పరిధిలోకి రాదన్న మాట కూడా ఒకరు నాతో అన్నారు. అందుకు ఆధారం ఉంది. మెంఫిస్‌లోని ఒక పత్తి వ్యాపార సంస్థ మిసిసిపీ రైతుతో పత్తి కొనుగోలుకు ఒప్పందం చేసుకుంటే, రైతు సరుకు ఇవ్వలేదు. ఆ సంస్థ మిసిసిపీలో నమోదు కాలేదన్న కారణంతో అక్కడి కోర్టు తలుపు మూసింది. 1974లో అలెన్‌బర్గ్ కాటన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ తలుపు తెరిపించింది. పత్తి బేళ్లు ఒక రాష్ట్రం దాటి మరో రాష్ట్రానికి పోతాయి కాబట్టి అది అంతర్రాష్ట్ర వాణిజ్యమని చెప్పింది. పత్తి ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఈ తీర్పు చదవడానికి బాగుంటుంది గానీ, ఫోర్ట్ వర్త్‌లో పునాదుల మీద నిలిచిన బిల్డింగ్ ఎక్కడికీ పోదు. దానికి ఆ తీర్పు గొడుగు పట్టదు.

ఇంతకూ ఆ దరఖాస్తు ఎంత పెద్దది? టెక్సస్‌లో దాన్ని ఫారం 306 అంటారు. పార్టనర్‌షిప్ పూర్తి పేరు, ఏ రాష్ట్రంలో ఏ తేదీన ఏర్పడింది, ఏ పని కోసం, ప్రధాన కార్యాలయం ఎక్కడ, జనరల్ పార్టనర్ల పేర్లూ చిరునామాలూ, టెక్సస్‌లో మొదట వ్యాపారం చేసిన తేదీ, ఇక్కడి రిజిస్టర్డ్ ఏజెంట్ ఎవరు అన్నవి రాసి, జనరల్ పార్టనర్ సంతకం పెట్టి, 750 డాలర్లు కట్టాలి. రిజిస్టర్డ్ ఏజెంట్ అంటే కోర్టు నోటీసు వస్తే అందుకునే మనిషి లేదా సంస్థ. వాళ్ల సమ్మతి ముందే రాతపూర్వకంగా గానీ ఎలక్ట్రానిక్ రూపంలో గానీ తీసుకోవాలి, వాళ్లకు ఈ రాష్ట్రంలో నిజమైన వీధి చిరునామా ఉండాలి, పోస్టు బాక్సు నంబరు ఒక్కటే ఇస్తే సరిపోదు. పేరు దగ్గర మాత్రం మనవాళ్లకు ఒక చిక్కు వస్తుంది. మనం ఏ పని మొదలుపెట్టినా వేంకటేశ్వరస్వామి పేరో లక్ష్మీదేవి పేరో పెట్టుకుంటాం, ఆ పేరుతో టెక్సస్‌లో అప్పటికే మరొకరు నమోదై ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు ఈ రాష్ట్రం వరకు మరో పేరు పెట్టుకుని నమోదు కావచ్చు. అయితే ఆ రెండో పేరు లీజుల మీదా, బ్యాంకు కాగితాల మీదా ఎలా రాయాలో మొదటే తేల్చుకోవాలి. ఈ పని క్లోజింగ్‌కు వారం ముందు మొదలుపెడితే తొందరలో తప్పులు దొర్లుతాయి.

ఆలస్యమైతే ఏమవుతుందో నా లెక్కనే చూపిస్తాను. తొంభై రోజులకు మించి నమోదు లేకుండా వ్యాపారం చేస్తే, ఆలస్యమైన ఒక్కో ఏడాదికి గానీ, ఏడాదిలో కొంత భాగానికి గానీ మళ్లీ ఒక 750 డాలర్ల చొప్పున వసూలు చేయవచ్చు. 2021 మార్చి నుంచి 2024 జూన్ వరకు లెక్కిస్తే నాలుగు, అంటే 3,000 డాలర్లు. అసలు రుసుము 750 దానికి కలిపితే ఆ రిపోర్టులో కనిపించిన అంకె వస్తుంది. ఇది తేలికగా తప్పించుకున్నట్టే. ఆ ఏళ్లలో కట్టవలసిన రుసుములూ పన్నులూ ఎంతయితే అంత జరిమానాగా అడిగే అధికారం కూడా చట్టం రాష్ట్రానికి ఇచ్చింది. లిమిటెడ్ పార్టనర్‌షిప్‌లకు టెక్సస్ ఫ్రాంచైజ్ ట్యాక్స్ (వ్యాపార సంస్థల మీద రాష్ట్రం వేసే పన్ను) వర్తిస్తుంది. 2024, 2025 నివేదికలకు 24.7 లక్షల డాలర్ల రాబడి దాటని సంస్థలు పన్ను కట్టనక్కరలేకపోయినా, ఏటా మే 15 నాటికి రాష్ట్ర పన్నులు చూసే కంప్ట్రోలర్‌కు వివరాలు పంపవలసిందే. ‘మాది పాసివ్ ఆదాయం (వ్యాపారం నడపకుండా వచ్చేది) కదా’ అని కొందరు వదిలేస్తున్నారు. ఆ పన్ను లెక్కలో అద్దె పాసివ్ ఆదాయం కిందికి రాదు.

నేను ఈ విషయం అడిగిన ప్రతిచోటా, నమోదు ఉందని చూపించడానికి వేరే కాగితాలు ముందుకు వచ్చాయి. ఒకరు అమెరికా కేంద్ర పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చిన ఈఐఎన్ లేఖ చూపించారు. అది పన్ను గుర్తింపు సంఖ్య మాత్రమే. మరొకరు పెట్టుబడుల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి పంపిన ఫారం డి చూపించారు. అది మా దగ్గర డబ్బు తీసుకున్న సంగతి మొదటి అమ్మకం జరిగిన పదిహేను రోజుల్లోపు తెలియజేసే నోటీసు. దానికీ, టెక్సస్‌లో వ్యాపారం చేసే హక్కుకూ సంబంధం లేదు. ఇంకొకరు డెలవేర్ గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ పంపారు. ఏటా జూన్ 1 నాటికి కట్టవలసిన 300 డాలర్ల పన్ను కట్టి డెలవేర్‌లో సక్రమంగా ఉన్నందుకు వారిని అభినందిస్తున్నాను. ఆ పత్రం డెలవేర్ సంగతి చెబుతుంది తప్ప టెక్సస్ సంగతి చెప్పదు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పాలనుకోలేదు. చేతిలో ఏదో ముద్ర వేసిన కాగితం ఉంది కదా, అదే ఇదేమో అనుకున్నారు. నాకు ఆందోళన కలిగించేది అదే.

మీలో కాలిఫోర్నియాలోని బే ఏరియాలో ఉంటూ టెక్సస్ ఆస్తులు నడిపేవారు మరో రాష్ట్రం సంగతి కూడా ఆలోచించాలి. ఫ్రీమాంట్‌లోని ఇంట్లో కూర్చుని జనరల్ పార్టనర్‌గా నిర్ణయాలు తీసుకుంటుంటే, ఆ పార్టనర్‌షిప్ కాలిఫోర్నియాలో వ్యాపారం చేస్తున్నట్టుగానే అక్కడి ఫ్రాంచైజ్ ట్యాక్స్ బోర్డు చూస్తుంది, ఏటా 800 డాలర్లు అడుగుతుంది. అక్కడి నమోదు దరఖాస్తు ఎల్‌పీ-5కు రుసుము 70 డాలర్లే, అది చూసి ఖర్చు అంతేననుకోవద్దు. న్యూజెర్సీ నుంచి న్యూయార్క్‌లో ఆస్తులు కొనేవారికి ఖర్చు ఎక్కువ, ఓపికా ఎక్కువ కావాలి. 200 డాలర్ల రుసుము కట్టి నమోదైన తరువాత, 120 రోజుల్లోపు పార్టనర్‌షిప్ కార్యాలయం ఉన్న కౌంటీలో (జిల్లాలో) రెండు పత్రికల్లో ఆరు వారాల పాటు ప్రకటన వేయించి, దానికి రుజువు దాఖలు చేయాలి. అది చేయకపోతే అక్కడ వ్యాపారం చేసే అధికారం నిలిచిపోతుంది. జనరల్ పార్టనర్‌గా మీరు పెట్టుకున్న ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) కూడా వేరే రాష్ట్రానిదైతే, దాని నమోదు సంగతీ అదే లాయరును అదే రోజు అడగండి.

మా వైపు భయం ఒకటి ఉంది, దాన్ని కూడా చెప్పాలి. నమోదు లేకపోతే లిమిటెడ్ పార్టనర్ల ఇల్లూ వాకిలీ కూడా అప్పులకు పోతాయని ఎవరో అన్న మాట విని, ఒక స్నేహితుడు రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేశాడు. ఆ భయం అక్కరలేదు. నమోదు కాని రాష్ట్రంలో పార్టనర్‌షిప్ వ్యాపారం చేసినంత మాత్రాన లిమిటెడ్ పార్టనర్ జనరల్ పార్టనర్‌లా బాధ్యుడు కాడని 1976 నాటి ఏకరూప చట్టమే స్పష్టంగా చెప్పింది, న్యూయార్క్ చట్టంలోనూ అదే ఉంది. మాకు పోయేది మేం పెట్టిన సొమ్ములోని భాగం: ఆగిన దావా, కట్టిన జరిమానా, ఖాళీ అయిన ఇళ్లు. కానీ ఆ నష్టాన్ని ఆపగలిగిన మనిషి మీరొక్కరే. దరఖాస్తు మీద సంతకం మీది. రోజువారీ నిర్వహణలో మేం వేలు పెట్టకూడదని ఒప్పందంలో మీరే రాయించుకున్నారు, అది న్యాయమే. నిర్వహణ మీ చేతిలో ఉన్నప్పుడు ఈ లోపం ఖరీదు మా పద్దులోంచి పోవడం మాత్రం న్యాయం కాదు.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. పెట్టుబడికి పిలిచే మొదటి సమావేశంలో, రాబడి అంచనాల స్లయిడ్ కంటే ముందు, ఆస్తి ఉన్న రాష్ట్రం ఇచ్చిన నమోదు పత్రం చూపించండి. ఇంకా క్లోజింగ్ కాకపోతే దరఖాస్తు ఏ స్థితిలో ఉందో చెప్పండి. ఆలస్య రుసుములూ జరిమానాలూ జనరల్ పార్టనరే భరించాలన్న వాక్యం పార్టనర్‌షిప్ ఒప్పందంలో చేర్చండి. ఇప్పటికే నడుస్తున్న పార్టనర్‌షిప్‌లలో నమోదు లేకపోతే దాచకండి. ఈ నెలలోనే దరఖాస్తు పెట్టి, ఎంత కట్టారో, ఎవరి ఖాతాలోంచి కట్టారో మాకు రాయండి. ఆస్తి అమ్మేశాక కంప్ట్రోలర్ దగ్గర పన్ను క్లియరెన్స్ తీసుకుని నమోదును విరమించుకోవడం కూడా మరచిపోకండి, లేకపోతే ఆస్తి లేని పార్టనర్‌షిప్‌కు ఏటా నోటీసులు వస్తూనే ఉంటాయి. తోటి లిమిటెడ్ పార్టనర్లకు కూడా ఒక మాట: టెక్సస్ కంప్ట్రోలర్ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు కొట్టి చూస్తే ఖాతా స్థితి ఉచితంగానే తెలుస్తుంది. కే-1 (పార్టనర్ వాటా లెక్క చూపే ఏటా వచ్చే పన్ను పత్రం) వచ్చిన రోజే అది కూడా చూసుకోండి.

మా పార్టనర్‌షిప్ కేసు ఇంకా తేలలేదు. పైకప్పు మాత్రం కిందటి ఏడాది చివర్లో మరో కాంట్రాక్టరు పూర్తి చేశాడు, ఆ పెద్దావిడ అదే ఇంట్లో ఉంటున్నారు. మీ నుంచి జవాబు వస్తే, మీ నమోదు పత్రం నకలు జతచేసి పంపమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పార్టనర్‌షిప్‌లలో ఒకదానిలో లిమిటెడ్ పార్టనర్,
ఫ్రిస్కో, టెక్సస్